కల్లంలో గిటారు

ఆ ఏడాది మా ఇంట్లో కొబ్బరినూనె తలకి లేదు, గిటారుకి ఉంది.

రెండువేల రెండు, మిరపకోతల కాలం. ప్రత్తిపాడుకి కూతవేటు దూరంలో మా పల్లె. మా ఆయన కరుణాకర్ నాకు సొంత మేనబావ. అత్త పున్నమ్మ మా నాన్నకి తోడబుట్టింది. అందుకని అత్తారింటి బాధలు పుట్టింట్లో చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు. నోరు తెరిస్తే నాన్న తన చెల్లెల్నే వెనకేసుకొచ్చేవాడు.

అత్త కోత ముఠాకి మేస్త్రి. పొద్దున్నే వీధిలో నిలబడి ఒక్క కేక వేస్తే ఆడవాళ్ళంతా నెత్తికి గుడ్డలు చుట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. కోయడమే కాదు, కల్లంలో కాయ ఎండబెట్టడంలో కూడా ఆమె మాటే చివరి మాట. పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆమె తలాడిస్తే చాలు, ఆసామి ఆదెయ్య గారు మారు మాట్లాడకుండా బస్తాలు తెప్పించేవాడు. చదువూ సంధ్యా లేని మా అత్తకి ఊళ్ళో ఉన్న గొప్పంతా ఆ చెవిలో ఉంది.

గిటారు గుంటూరు నుంచి వచ్చింది. పెళ్ళిళ్ళకి క్యాసెట్లు పెట్టుకుంటే సరిపోతుందని జనం తేల్చుకున్నాక అక్కడ ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అలా మూతపడ్డ ఒకదాంట్లో గిటారు వాయించిన పీరు అనే ఆయన, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, తన ఎర్ర గిటారుని మా బావకి అమ్మేశాడు. బావ ఎప్పట్నుంచో చర్చి వాళ్ళ మామూలు గిటారు వాయించేవాడు. ఇది కరెంటు గిటారు. చర్చి మైకుసెట్టుకి తగిలిస్తే ఊరి బస్టాండు దాకా వినపడేది. తీగలు తుప్పు, తీగల కింద మెడ మీదుండే మెట్ల సందుల్లో నల్లటి మురికి, బొత్తం తిప్పితే గరగర. అయినా దాన్ని భుజాన వేసుకుని బస్సు దిగిన రోజు బావ మొహం చూడాలి. మా పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

మర్నాడే కోతకి రానన్నాడు.

"ఏందిరా రానంటన్నావు? జొరమా?" అంది అత్త.

"జొరం కాదమ్మా. మిరప్పండు కోస్తే వేళ్ళకి ఘాటు పడుద్ది. ఆ చేత్తో తీగ నొక్కితే మంట. చెమట పడితే తీగ తుప్పు. బస్తాలు మోస్తా, కోత మాత్రం నావల్ల కాదు."

"ఓయబ్బో! మాకు మంట లేదంట్రా? మీ నాన్న చేతులు దాచుకున్నాడా? నేను దాచుకున్నానా?" అత్త అరుపుకి చుట్టుపక్కల నాలుగు గుమ్మాలు తెరుచుకున్నాయి. "వినండమ్మా, నా కొడుకు చేతులు దాచుకుంటాడంట, బంగారం చేతులు!"

నాకూ ఒళ్ళు మండింది. పొద్దంతా కోసి ఇంటికొస్తే అరచేతులు కుతకుతమనేవి. చింతపండు నీళ్ళతో కడిగి, మజ్జిగ రాసి, మళ్ళీ కడిగినా రాత్రికి మంట మిగిలే ఉండేది. మరి ఆ చేతులతో గిటారు తుడవాల్సింది ఎవరనుకున్నారు? నేనే. "నీ చేతిలో శుభ్రం ఉందే మహిమా" అన్నాడు బావ. పొగిడి పని చేయించుకోవడం మగవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

తుడిచే పద్ధతి పీరు దగ్గర నేర్చుకున్నాను. బావతో గుంటూరు వెళ్ళినప్పుడు కొట్టు ముందు నిలబెట్టి చెప్పాడాయన.

"కొత్త తీగలు కొనలేకపోతే పాతవి పారెయ్యొద్దమ్మా. విప్పి నీళ్ళలో ఉడకబెట్టు. జిడ్డంతా తేలిపోద్ది. పొడిగుడ్డతో తుడిచి ఎక్కిస్తే ఇంకొన్నాళ్ళు పలుకుతాయి. మెట్ల పక్కన మురికికి పాత పళ్ళ బ్రష్షు చాలు. మెట్ల చెక్కకి రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి వెంటనే తుడిచెయ్యి. తీగలు బిగించే మరలకి కుట్టుమిషను నూనె. తుప్పుకి కిరసనాయిలు, అదీ గుడ్డ ముంచి పిండి. గరగరమంటే వెనక మూత విప్పి దుమ్ము ఊదెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, తేమ. తేమ తగిలిందా, లోపల ఉన్నదంతా చచ్చిపోద్ది."

అదీ ఆయన చదువు. డబ్బున్నవాళ్ళకి వేరే చదువు ఉంటుందేమో.

మొదటిసారి తీగలు ఉడకబెట్టింది కూర దబరలో. అత్త మూత తీసి చూసింది.

"ఏందే ఇది?"

"తీగలత్తా."

"కూరొండే దబరలో ఇనప తీగలు ఉడకేస్తావంటే! పులుసు పెట్టి మొగుడి అన్నంలో పొయ్యి, బాగా వాయిస్తాడు!"

నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. కొబ్బరినూనె సీసా దగ్గర అసలు గొడవ మొదలైంది. సీసా అడుగంటింది, మళ్ళీ కొనే వీలు లేదు. నా జడ చింపిరిగా ఉంది, అత్త తల పీచు. ఉన్న కాస్తా మెట్ల చెక్కకి రాస్తుంటే ఆమె నోటికి ఏం వచ్చిందో రాయను. నేను మాత్రం ప్రతి సాయంత్రం ఆ సీసా దాచేదాన్ని, గిటారు పక్కన నీళ్ళకుండ పెడితే జరిపేదాన్ని.

"తేమ తగలకూడదత్తా, తేమ!"

"తేమ సంగతి నాకు చెప్తన్నావా?" అనేది. "తేమున్న కాయ బస్తాకెక్కితే బూజు పడుద్దని ఆదెయ్యకి నేర్పింది ఎవరనుకున్నావు?"

ఇంత చాకిరీ నేనెందుకు చేశానంటే, జక్రయ్య గారి కోసం. ఆయన గుంటూరులో సువార్త సభలకి పాటల బృందం నడుపుతాడు. బృందంలో గిటారు మనిషి మానేశాడని, ఈస్టరు ఆరాధనకి మా చర్చికొచ్చి కరుణాకర్ వాయించడం వింటానని పాస్టరు అయ్యగారికి కబురు పెట్టాడు. నచ్చితే నెలజీతం, గుంటూరులో ఉండటానికి ఒక గది. షరతు ఒక్కటే, ఎవరి వాయిద్యం వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ కబురు విన్నాక నాకు ఆ గిటారు గిటారులా కనపడటం మానేసింది. మళ్ళీ కోతలొచ్చేసరికి నేను ఆ మిరపచేలో ఉండకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

ఈస్టరుకి వారం ముందు, మట్టలాదివారం నాడు బావ చర్చిలో దాన్ని మొదటిసారి సరిగ్గా వాయించాడు. గరగర లేదు. తీగ లాగితే గంట కొట్టినట్టు పలికింది. పిల్లలు మట్టలు ఊపడం మానేసి చూశారు. అత్త ఎప్పుడూ చాప మీద వెనక కూర్చునేది, ఆ రోజు జరుగుతూ జరుగుతూ ముందుకొచ్చేసింది. పాట అయిపోయాక కూడా కొడుకు ఎడమచేతి వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చే దారిలో ఉన్నట్టుండి అంది, "ఆ వేళ్ళు మీ మామవేనే. తొడిమ తీసేటప్పుడు అట్టాగే ఆడేయి, కంటికి ఆనేవి కావు."

మామ పోయి చాలా ఏళ్ళయింది. కొడుకుని తిట్టడానికి తప్ప ఆయన మాట ఆమె నోట నేను విన్నది అప్పుడే.

మర్నాటి సాయంత్రం నేను గిటారు ముందు కూర్చోగానే ఆమె తనే వచ్చి కొబ్బరినూనె సీసా నా పక్కన పెట్టింది. కొత్త సీసా. ఎక్కడ అరువు తెచ్చిందో అడగలేదు. "తలలకేం తొందర, దానికి రాయి" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా చేలో ఆడవాళ్ళకి చెప్పిందే చెప్పింది, "మావాడు గుంటూరు పోతన్నాడు. జీతమంట. చేతులు జాగ్రత్త పెట్టుకున్నాడు, బుద్ధిమంతుడు." చేతులు దాచుకుంటాడని అరిచింది కూడా ఇదే నోరు. నేను పక్క సాలులో కోస్తూ విని నవ్వుకున్నాను. ఆ నాలుగు రోజులు నాకు అత్త మీద నిజంగా ప్రేమ పుట్టింది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం అందరం చర్చిలో ఉన్నాం. అయ్యగారు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఐదో మాట చెబుతుండగా ఆకాశం నల్లబడింది. మొదటి ఉరుముకి మగవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రెండో ఉరుముకి అత్త లేచింది. "కాయ!" అంది, అంతే. చర్చి మొత్తం లేచి కల్లాల వైపు పరుగెత్తింది. అయ్యగారు మిగతా రెండు మాటలు ఎవరికి చెప్పాడో తెలియదు.

ఆదెయ్య గారి కల్లం నిండా ఎర్రగా కాయ పరిచి ఉంది. గాలి, పట్టాలు చేతుల్లోంచి లాక్కుపోతోంది. బావ, అత్త, నేను, ముఠా ఆడవాళ్ళంతా కాయల్ని కుప్పలు లాగి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, రాళ్ళు చాలకపోతే మేమే కూర్చున్నాం. ఎవరి కాయ అది? ఆసామిది. ఎవరి ఇంటి కిటికీ తెరిచి ఉంది? మాది.

తిరిగొచ్చేసరికి జల్లు లోపలిదాకా కొట్టింది. మేకుకి వేలాడుతున్న గోతం సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయి. సంచిలో గిటారు.

బావ ఏడ్చినంత పని చేశాడు. పొడిగుడ్డలన్నీ తెచ్చి తుడిచాం. నేను వెనక మూత విప్పి లోపల ఒత్తాను. తీగలు అప్పటికే గోధుమరంగు తిరుగుతున్నాయి.

"రేపు పొద్దున్నే గుంటూరెళ్ళి పీరుని అడిగి కొత్త తీగలు తెస్తా" అన్నాడు. "అవి వచ్చేదాకా ఇవి ఉండనీ. లోపల తేమ మాత్రం పోవాలి మహిమా. తేమ పోకపోతే ఆదివారం అది పలకదు."

"పోద్దిలేరా" అంది అత్త. "ఎందుకు పోదు?"

శనివారం పొద్దున్నే బావ బస్సెక్కాడు. ఈస్టరుకి చర్చి కడగడానికి ఆడవాళ్ళంతా రావాలి కాబట్టి నేను చీపురు పట్టుకుని వెళ్ళాను. అత్త రాలేదు. తడిసిన కాయ కల్లంలో తిరగెయ్యాలని చెప్పింది. నిజమే, ఆమె కాక ఇంకెవరు తిరగేస్తారు? నేలంతా కడిగి, బెంచీలు తుడిచి, బల్ల మీద దుప్పటి మార్చి, సున్నం చుక్కలు గీకి, మేం బయటపడేసరికి పొద్దు వాలుతోంది. వాన వెలిసిన మర్నాటి ఎండ. కాళ్ళు కాలుతున్నాయి.

ఇంటి దగ్గర మేకు ఖాళీగా ఉంది.

బావ వచ్చేశాడేమో అనుకున్నాను. రాలేదు. కల్లానికి నడిచాను. అత్త పట్టా చివర తలమీద కొంగు కప్పుకుని, చేతిలో కాకుల్ని తోలే కర్రతో కూర్చుని ఉంది. ఆమె ముందు కాయ పరిచి ఉంది. అంతే కనపడింది నాకు. గిటారుదీ ఎరుపే, కాయదీ ఎరుపే. దగ్గరికెళ్ళేదాకా కాయల నడుమ అది ఉందని తెలియలేదు.

"రావే, రా" అంది అత్త. మొహమంతా చెమట, నవ్వు. "పొద్దున్నుంచీ కూడు కూడా తినలేదు, ఇక్కణ్ణించి కదిల్తే ఒట్టు. మద్దేనం ఒక పక్క, ఇప్పుడింకో పక్క. చుక్క తేమ లేదు."

వేడికి పట్టుకోలేక కొంగు చుట్టుకుని దాన్ని పైకెత్తింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల ఊడిన మర ఏదో కదిలింది.

"ఇదిగో విను" అంది. "గలగల."

రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. తీగల బిగువుకి గిటారు మెడ కొడవలిలా ముందుకి వంగిపోయింది. మెట్లకీ తీగలకీ మధ్య నా చిటికెన వేలు దూరింది. తేమ తగలకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పింది నేనే. ఎండ తగలకూడదని పీరు నాకు చెప్పలేదు, మాకు ఎవరూ చెప్పలేదు. ఎండబెడితే పాడయ్యే వస్తువు ఒకటి ఉంటుందని మా కల్లంలో ఎవరికి తెలుసు?

"బాగుందత్తా" అన్నాను.

బావ చివరి బస్సుకి కొత్త తీగలు తెచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని మెడ వెంట చూపు పోనిచ్చాడు, ఒక కన్ను మూసి. తర్వాత తీగల పొట్లం జేబులోనే పెట్టేసుకున్నాడు. అత్త ఎదురుగా నిలబడి ఉంది, కొడుకు ఒక్క మాట మెచ్చుకుంటాడని.

"ఎవరు పెట్టారు ఎండలో?"

"నేనేరా. నువ్వే గదా తేమ పోవాలన్నావు."

"నీకు ఎండబెట్టడం తప్ప ఏం తెలుసే?" అన్నాడు. తల్లిని అతను 'ఏమే' అనగా నేనెప్పుడూ వినలేదు. "నాన్నని చేలో ఎండబెట్టావు. దీన్ని ఎండబెట్టావు. మిగిలింది నేను, నన్నూ పట్టా మీద పరిచెయ్యి!"

అత్తకి ఇంకా అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను గిటారు తీసుకుని, మెడ వంగిన చోట వేలు పెట్టి చూపించాను. ఆమె వంగి చూసింది. చెయ్యి పెట్టి తడిమింది.

ఆదివారం జక్రయ్య గారు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో తోలుసంచి, మంచి మనిషి. "కరుణాకర్ ఏడమ్మా?" అని నన్నడిగాడు.

"ఒంట్లో బాలేదండీ."

"అయ్యో. గిటారు బాగుందని విన్నాను."

"బాగానే ఉండేదండీ."

ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా వేరే మనిషిని పెట్టుకున్నాడని అయ్యగారు చెప్పాడు. తప్పేం ఉంది? పాటలు ఆగవు కదా. పీరు గిటారుని చూసి, చెక్క మెత్తటిది, మెడ మార్చాల్సిందే, ఆ మెడ పెట్టే ఖర్చుకి ఇంకో పాత గిటారు వస్తుందన్నాడు. ఆ మాట విన్న రోజే బావ గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. మొత్తానికి గుంటూరు వెళ్ళాడు. చేతులు దాచుకున్న మనిషి, వారానికొకసారి ఇంటికొస్తే ఆయన చొక్కాలో మిరప ఘాటుకి తుమ్ములొచ్చి, ఉతకడానికి నేను మొహానికి గుడ్డ కట్టుకోవాల్సి వచ్చేది. తల్లితో మాట్లాడటం మానేశాడు. "ఆమెని తినమను" అనేవాడు నాతో, ఆమె ఎదురుగానే. "వాణ్ణి మంచినీళ్ళు తాగమను" అనేది ఆమె. మధ్యలో నేను. ఇద్దరి మాటలూ మోశాను, ఇద్దర్నీ తిట్టుకున్నాను.

కోతలైపోయాయి. మే నెల. ఒకరోజు చూద్దును కదా, అత్త వాకిట్లో పాత పట్టా పరిచి, గిటారుని బోర్లా పెట్టింది. వీపు పైకి, తీగలు కిందికి. మెడ కింద చిన్న ఇటుక.

"ఏందత్తా ఇది?"

"అప్పుడు ఒక పక్క ఎక్కువ ఎండి ఇటు వంగింది గదా. రెండో పక్కా అంత ఎండితే అటు వంగుద్ది" అంది. "కాయైనా అంతే. తిరగేస్తే సర్దుకుంటది."

చెక్క కాయ కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. రోజూ ఎండెక్కగానే పెట్టేది, ఎండ తగ్గగానే కొంగుతో తుడిచి లోపల పెట్టేది. మిగిలిన కొబ్బరినూనె నేను రాసినట్టే రెండు చుక్కలు రాసేది. సాయంత్రం నన్ను పిలిచి చూపించేది. "నీ కళ్ళు మంచియ్యి గదా, చూడు. కాస్త సర్దుకుందా?"

"సర్దుకుందత్తా."

ఒక వారం బావ వచ్చేసరికి ఆమె అలాగే కాకుల్ని తోలుతూ కూర్చుని ఉంది. బావ పట్టా పక్కనుంచి నడిచి లోపలికెళ్ళాడు. అన్నం తిన్నాడు. మళ్ళీ పట్టా పక్కనుంచే నడిచి బస్సుకి వెళ్ళిపోయాడు. అత్త అతను మలుపు తిరిగేదాకా చూసి, గిటారుని కొంచెం ఎండ వైపు జరిపింది.

జూన్‌లో తొలకరి పడింది. ఆ రోజు అదే పట్టా మీద ఒక చివర గిటారు, మిగతా మేరంతా మా కాయలు. కోతలైపోయాక విడిచేసిన చేలల్లో అత్తా నేనూ చెట్టుచెట్టూ వెతికి ఏరుకున్నవి, మా ఏడాది కారానికి. నేను బోరింగు దగ్గర ఉన్నాను. చినుకులు పెద్దవై మీద పడేసరికి బిందె అక్కడే వదిలి పరుగెత్తాను.

అత్త అప్పటికే గుమ్మంలో ఉంది. గిటారుని గుండెకి అదుముకుని, కొంగు మొత్తం దాని మీద కప్పి, తను తడిసి ముద్దై నిలబడింది. వాకిట్లో కాయలు నీళ్ళలో తేలి కాలవ వైపు పోతున్నాయి. నేను పట్టా అంచులు లాగబోయాను.

"అయ్యి పోనియ్యే" అంది. వాన చూసి కాయని పోనిమ్మన్న పున్నమ్మని నేను ఎరగను, మా పల్లె ఎరగదు. "దీనికి చుక్క తగల్లేదు. వాడొస్తే చెప్పు, సగం సర్దుకుందని."

చెప్తానన్నాను.

దొరికినంత కాయ మళ్ళీ ఎండబెట్టాం కానీ తెల్లగా బూజు పట్టింది. ఆ ఏడాది మేం కారం కొట్లో కొనుక్కున్నాం.